చెక్క ఉబ్బడానికి చోటు

చేతి కట్టు కోసేశాక వదిన చేసిన మొదటి పని, డాక్టరు గదిలోని బల్లను మెటికలతో తట్టి చూడటం. మోత డొల్లగా వచ్చింది.

"దీనికి లోపల పుచ్చు పట్టిందండీ. మార్పించండి," అంది.

"చెయ్యి నొప్పిగా ఉందా అని కదమ్మా నేనడిగింది," అన్నాడు డాక్టరు.

నొప్పి ఉంది. మణికట్టు తిప్పితే లోపల ఎవరో గుంజి పట్టుకున్నట్టుంది. వేళ్ళు సన్నబడ్డాయి. ఇంకో నెల దాకా బరువులు ఎత్తకూడదనీ, సుత్తి మాట అసలు తలవకూడదనీ డాక్టరు చెప్పాడు. ఆమె అన్నింటికీ బుద్ధిగా తల ఊపి, బయటికి వచ్చి, ఇంటి దారి వదిలేసి పడవల యార్డుకు నడిచింది.

యార్డులో అందరూ ఆమెను వదిన అనే పిలుస్తారు. లెక్క ప్రకారం అలా పిలవాల్సినవాడు అక్కడ ఒక్కడే, ఆమె మరిది. నది సముద్రంలో కలిసేచోట అవతలి ఒడ్డుకు జనాన్ని దాటించే పడవ అతనిది. దానికి ఏ చిన్న నలత చేసినా గేటు దగ్గర్నుంచే "వదినా" అని కేక పెట్టుకుంటూ వస్తాడు. ఆ కేక విని విని ఓనరుకూ, రంగులు వేసే ఆమెకూ, చివరికి పడవల్ని తాడుతో లాగి దించే వించి తిప్పే ముసలాయనకూ అదే నోటికి పట్టింది. "మీ కూతురి వయసు దాన్ని, నేను మీకు వదినేంటండీ," అని మొదట్లో ముసలాయనను అడిగింది. ఆయన కాసేపు ఆలోచించి, "పిలిస్తే పలుకుతున్నావుగా," అన్నాడు. అంతటితో ఆ చుట్టరికం స్థిరపడింది.

ఆమె చేసేది సందులు నింపే పని. చెక్క పడవను ఎంత బాగా కట్టినా పలకకూ పలకకూ మధ్య సన్నటి సందు ఉంటుంది. అందులో పేనిన దూది పెట్టి, మొండి ఉలి ఆనించి, కొయ్యసుత్తితో కొట్టి దించాలి. పైన లప్పం పూయాలి. చూసేవాళ్ళకు చెక్కకు జడ వేస్తున్నట్టుంటుంది. ఆమెకు ఈ పని నేర్పింది మామగారు. కొడుకులిద్దరిలో పెద్దవాడికి చెక్కపని వంటబట్టింది, చిన్నవాడికి ఏదీ వంటబట్టక పడవ నడుపుకుంటున్నాడు. సందుల పనికి ఓపిక కావాలి. ఆ ఓపిక కోడలి దగ్గర కనిపించింది పెద్దాయనకు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆయన సుత్తి మాత్రం ఇంకా ఆమె పెట్టెలో ఉంది. పిడి ఇప్పటికి నాలుగోది.

నెలన్నర కిందట ఒక చేపల పడవ పక్కన కట్టిన మంచె మీద నిలబడి పని చేస్తుంటే కాలి కింద బల్ల జారింది. కింద పడటంలో ఆమె సుత్తిని వదల్లేదు. వదిలి ఉంటే మణికట్టు విరిగేది కాదని భర్త ఇప్పటికీ అంటాడు.

ఆమె యార్డులోకి వచ్చేసరికి భర్త షెడ్డు ముందు దూలం చిత్రిక పడుతున్నాడు. యార్డుకు అతను పెద్దమేస్త్రి. భార్య చేతిని చూసి, చిత్రిక పక్కన పెట్టి, మీసాల్లో నవ్వు దాచుకుంటూ లేచాడు.

"ఇంటికి పోయి పడుకోమంటే ఇక్కడికే వస్తావని నాకు తెలుసు. రా, నీకొకటి చూపించాలి."

షెడ్డు లోపల మరిది పడవ దిమ్మెల మీద కూర్చుని ఉంది. ఇంజను బాగుకు పోయి ఎండాకాలమంతా రాలేదు. ఆ కాలమంతా పడవ నీళ్ళ ముఖం చూడక ఎండి వరుగైంది. ఆమె చేయి విరిగే నాటికి పలకల మధ్య పుల్ల దూరేంత ఖాళీలున్నాయి. లోపల కూర్చుంటే బయటి వెలుతురు గీతలు గీతలుగా కనపడేది. ఇప్పుడు ఒక్క గీత లేదు. ముక్కు నుంచి వెనక దాకా ప్రతి సందూ నిండి, లప్పం నున్నగా ఆరి ఉంది.

"ఎవరు చేశారు?"

"ఎవరు చేస్తారు? కట్టు విప్పుకుని రాగానే నువ్వు దీని మీద పడతావని తెలుసు. అందుకే రోజూ సాయంత్రం పని దిగాక ఇంత చొప్పున కొట్టాను. నీకు చెప్పొద్దని అందరి చేతా ఒట్టు వేయించుకున్నాను."

"చెప్తే కట్టుతోనే వచ్చి నా నెత్తిన నిలబడేదానివి," అని కూడా అన్నాడు.

అది నిజమే కాబట్టి ఆమె నవ్వింది. నవ్వుతూనే ఎడమచేత్తో పడవ పొట్ట మీద తట్టింది. ఇంకాస్త కింద తట్టింది. అటువైపు తిరిగి వెళ్ళి అక్కడా తట్టింది. ఎక్కడ తట్టినా ఇత్తడి పళ్ళెం మోగినట్టు ఒకటే మోత. ఆమె నవ్వు అలాగే ముఖం మీద ఉండిపోయింది గాని కళ్ళలోంచి జారిపోయింది.

"దూది ఎన్ని ఉండలు పట్టింది?" అని మెల్లగా అడిగింది.

"ఐదు. ఆరోది కూడా మొదలుపెట్టా. కొన్నిచోట్ల రెండు పేటలు పెట్టాల్సి వచ్చింది మరి. అంతంత సందులు."

ఎండిన పడవకు ఆమె అయితే రెండున్నర ఉండలు వాడేది. అది కూడా సగం బలంతో, ఒక్క పేట చొప్పున. ఎండిన చెక్క నీళ్ళు తాగి ఉబ్బుతుంది. అప్పుడు సందులు వాటంతటవే దగ్గరపడతాయి. ఆ ఉబ్బుకు చోటు ఉంచాలి. చోటు లేకుండా దూది దట్టిస్తే పలకలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి, పోవడానికి దారి లేక లోపల వాటిని పట్టి ఉంచే వంపు కొయ్యల, అంటే పడవ పక్కటెముకల మీద నుంచి లేస్తాయి. మేకులు ఊడతాయి, ఎముకలు విరుగుతాయి. అది నది మధ్యలో జరగొచ్చు, జనం ఎక్కి ఉండగా జరగొచ్చు.

ఇవేవీ ఆమె అప్పుడు అనలేదు. "బాగా కష్టపడ్డావయ్యా," అంది. అతనికి ఆ మాట చాలు. చిత్రిక దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఓనరు ఆఫీసు గదిలోంచి తల బయటపెట్టి, "చూశావా వదినా, మేస్త్రి పని? సోమవారం పోటుకు దించేస్తున్నాం," అన్నాడు. పెద్ద పోటు సోమవారం మధ్యాహ్నం. అది తప్పితే ఆ పడవ తేలేంత నీళ్ళు పడవలు దించే ర్యాంపు మీదికి మళ్ళీ పక్షం దాకా రావు. ఎండాకాలమంతా మూసి ఉన్న రేవును బుధవారం తెరుస్తారు. ఆ రోజుకు మరిది పడవ సిద్ధంగా లేకపోతే రేవు దాటించే పనిని ఇంకో పడవకు ఇచ్చేస్తారు. ఇస్తే ఇచ్చినట్టే, మళ్ళీ తిరిగి రాదు. ఆమె కట్టు తీయించుకుని వచ్చిన ఆ రోజు గురువారం.

రంగులామె పక్క పడవకు అడుగు గీకుతోంది. వదిన ఆమె దగ్గర పీట మీద కూలబడి సంగతి చెవిన వేసింది. రంగులామె గీకుడు ఆపలేదు.

"ఒకటి చెప్తా, ఏమీ అనుకోకు వదినా. నా బ్రష్షు మా ఆయన చేతికిస్తే, ఆయన బంగారం పూసినా నాకు మడ్డి పూసినట్టే ఉంటుంది. మన పని ఇంకోళ్ళు చేస్తే వంక కనపడకుండా ఉంటుందా?"

"నాది కడుపుమంట అంటావా?"

"అది నీకే తెలియాలి. నేను రంగులు పూసేదాన్ని."

ఈ మాట ముల్లులా దిగింది. ఇంటికి పోయేదాకా ఆమె దాన్నే తిప్పి తిప్పి చూసుకుంది. నెలన్నరగా గోడకు చేరబడి కూర్చుంది. తను లేకుండా యార్డు నడుస్తోంది, సందులు నిండుతున్నాయి. అది మింగుడుపడక వంక వెతుకుతోందా? మామగారు ఉంటే ఒకసారి తట్టి చెప్పేవాడు. ఆయన చెప్పిన మాటలే తప్ప, దట్టించిన పడవ విరగడం ఆమె కళ్ళతో ఎన్నడూ చూడలేదు. ఎందుకంటే ఆమె ఏనాడూ అలా దట్టించలేదు.

సాయంత్రం భోజనాలయ్యాక అతను గిన్నెలు తోముతున్నాడు. చేయి విరిగిన నాటి నుంచి అది అతని పని. ఆమె తుడిచి పెడుతోంది. అప్పుడు చెప్పింది. ఎంత నెమ్మదిగా చెప్పాలో అంత నెమ్మదిగానే చెప్పింది. అయినా అతని వీపు బిగుసుకోవడం కనిపించింది.

"సందు లేకుండా బిగించడం తప్పా?"

"నీ పనిలో తప్పు కాదు. నా పనిలో తప్పు."

"ఇరవయ్యేళ్ళుగా తలుపులు, కిటికీలు, పడవలు గాలి దూరకుండా బిగిస్తున్నా. ఇవాళ ఇంట్లోకి దొంగను పట్టుకొచ్చినట్టు మాట్లాడుతున్నావు."

"నీళ్ళు రావాలయ్యా. మొదటి రోజు కాసిని రావాలి. రాకపోతేనే భయం."

అతను నురగ చేతులతోనే వెనక్కి తిరిగాడు. "పడవలోకి నీళ్ళు రావాలి. ఆ మాట బయట అనకు. ఓనరు మనిద్దర్నీ గేటు బయట కూర్చోబెడతాడు."

"మామయ్య చెప్పేవాడు."

"నాన్న నాకెప్పుడూ చెప్పలేదే."

"నిన్ను చెక్క దగ్గర కూర్చోబెట్టాడు, నన్ను సందు దగ్గర కూర్చోబెట్టాడు. నాకు చెక్క సంగతి తెలుసా మరి?"

అతను చాలాసేపు ఒకే గిన్నెను తోమాడు. తర్వాత అన్నాడు, "ఎందుకు అంత గట్టిగా కొట్టానో తెలుసా? అందులో ఎక్కేది నా తమ్ముడు. చుక్క నీళ్ళు వచ్చినా, వడ్రంగివాడు సందులు కొడితే ఇంతే అంటారని కొట్టాను."

ఆమె గిన్నె అందుకుని తుడిచింది.

చివరికి అతనే ఒక దారి చెప్పాడు. పడవను దించకముందే దానికి నీళ్ళు పట్టిద్దాం, ఏమవుతుందో చూద్దాం. ఏమీ కాకపోతే ఇంకో మాట లేకుండా సోమవారం దించాలి. ఆమె ఒప్పుకుంది.

శుక్రవారం పొద్దున్నే గోనెసంచులు తడిపి పడవ లోపలంతా పరిచారు, బయట పొట్టకు వేలాడదీశారు. అడుగున మోకాలు లోతు నీళ్ళు పోశారు. ర్యాంపు కింది నుంచి తెచ్చిన ఉప్పునీళ్ళే పోయాలి. మంచినీళ్ళు నిలిస్తే చెక్క కుళ్ళుతుంది. నీళ్ళు మోసే పనంతా మరిదిదే.

"అన్నయ్యేమో నీళ్ళు రాకుండా నెల రోజులు కొట్టాడు, వదినేమో ఇప్పుడు నా చేత బకెట్లతో పోయిస్తోంది," అని అతను మెట్లెక్కుతూ అందరికీ వినపడేలా అన్నాడు. "మీ ఇద్దరి మధ్య ఏదైనా ఉంటే ఇంట్లో తేల్చుకోండి. నా పడవ ఏం చేసింది?"

"పొయ్యరా," అన్నాడు అన్న.

"పోస్తున్నాగా. ఇంకో నాలుగు పోస్తే పడవలో నేను ఈదొచ్చు."

మధ్యాహ్నానికి పడవ కింద, బయటి వైపు కాగితం ఆనించి చూశారు. తడవలేదు. సాయంత్రం దాకా ఒక్క చుక్క కారలేదు. వించి ముసలాయన వచ్చి పడవ కిందకు వంగి చూసి, నిండు కుండలా ఉందని మేస్త్రి భుజం తట్టాడు. ఓనరు టీ చెప్పాడు. మేస్త్రి తన గ్లాసు తీసుకుని భార్య దగ్గరికి వచ్చి సగం ఆమెకు పోసిచ్చాడు. గెలిచినవాడి మర్యాద అది. ఆమె తాగింది. తన చెవి పాడైందేమో, నెలన్నర ఖాళీగా ఉండి మోత మర్చిపోయిందేమో అనుకుంది. అలా అయితే బాగుండునని కూడా అనుకుంది.

శనివారం ఉదయం మొదట లప్పం చెప్పింది. నున్నగా ఉన్న గీతలు పెదవుల్లా పైకి ఉబికాయి. వేలితో రాస్తే ముద్దగా ఊడి వచ్చింది. మరిది చూసి, కొత్త లప్పం కదా, తడికి మెత్తబడింది అన్నాడు. మేస్త్రి టార్చి తీసుకుని, ప్యాంటు మడిచి పడవలోకి దిగాడు. ఆమె బయట నిచ్చెన పక్కన కూర్చుంది.

లోపల అతను నీళ్ళలో నడుస్తున్న చప్పుడు వినిపించింది. ఆగింది. కొంచెం ముందుకు కదిలింది. మళ్ళీ ఆగింది. అప్పుడు చెక్కలో ఎక్కడో, ఎండుపుల్ల విరిచినట్టు, చిన్నగా ఒక శబ్దం. పెద్దగా ఏమీ కాదు. షెడ్డు అవతల ఇసుక కాగితం రుద్దుతున్న రంగులామెకు వినపడలేదు కూడా.

అతను ఎంతకీ బయటికి రాలేదు. మరిది పిలవబోతే ఆమె వద్దని చెయ్యి చూపింది.

లోపల మేస్త్రి మధ్య పక్కటెముక మీద టార్చి వేసి కూర్చుని ఉన్నాడు. మూడు మేకుల చుట్టూ రంగు బీటలు తీసింది. పలకకూ ఎముకకూ మధ్య సన్నటి చీకటి గీత పడింది. ఆ ఎముకను ఆరేళ్ళ కిందట అతనే వంచి, అతనే బిగించాడు. దాని పక్కదానికి పొడవునా చీలిక. తను బిగించిన ఎముకను తను నింపిన దూదే విరుస్తోంది. చెక్క ఎటు కదులుతుందో, ఎందుకు కదులుతుందో తెలియనివాడు కాదు. తలుపుకు వానాకాలం కోసం ఎంత సందు ఉంచాలో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఆ లెక్క ఇక్కడ ఎందుకు తట్టలేదో అతనికే అంతుపట్టలేదు.

నిచ్చెన దిగి వచ్చాక భార్య ముఖంలోకి చూడలేదు. చేతులు తుడుచుకుని అడిగాడు.

"దూది లాగే కొక్కెం ఎక్కడుంది?"

"నా పెట్టెలో, అడుగున," అంది ఆమె.

మరిదికి అప్పటికి సంగతి అర్థమై ముఖం రంగు మారింది. "అన్నయ్యా, సోమవారం పోటు."

"తెలుసు. ముందు ఆ నీళ్ళు తోడు."

"నేనే పోశాను, నేనే తోడాలా?"

"పోసిన చేతికే అలవాటు ఉంటుంది," అంది వదిన. భయం మధ్యలో కూడా అతనికి నవ్వు వచ్చింది.

పడవ మునిగే నీటిగీతకు కింద ఉన్న సందులన్నీ విప్పాలి. ఓనరు తల పట్టుకుని ఒక నిమిషం నిలబడి, తర్వాత చొక్కా తీసి మేకుకు తగిలించి, తనూ ఒక కొక్కెం పట్టాడు. రంగులామె బ్రష్షులు కడిగి పెట్టి వచ్చింది. వదిన పక్కన చతికిలబడి, "కడుపుమంట కాదులే," అంది. అంతకు మించి క్షమాపణ ఆమె ఎవరికీ చెప్పి ఎరగదు. తడిసిన దూది పాములా బారలు బారలుగా ఊడి వచ్చి కాళ్ళ చుట్టూ కుప్పపడింది. సందు విడిచినచోటల్లా పలక నిట్టూర్చినట్టు కొంచెం వెనక్కి సర్దుకుంది.

మేస్త్రి ఆ కుప్ప వైపు చూడలేదు. లోపలికి దిగి, చీలిన ఎముక పక్కన కొత్త చెక్క జోడించి, ఊడిన మేకులు తీసి పెద్దవి దించాడు. అది అతని పని. అందులో ఎవరూ అతనికి చెప్పాల్సింది లేదు. సాయంత్రానికి అది ముగించి బయటికి వచ్చి, తండ్రి సుత్తి, మొండి ఉలి తీసుకుని సందు ముందు కూర్చున్నాడు.

ఆదివారమంతా ఆ ఇద్దరూ పడవ కింద పక్కపక్కనే గడిపారు. ఆమె ఎడమచేత్తో ఒక్క పేట దూది సందులో పెడుతూ ముందుకు జరుగుతుంది. అతను వెనకే కొడుతూ వస్తాడు.

"చాలు."

అతను ఇంకో దెబ్బ వేశాడు.

"చాలన్నాను."

"చెయ్యి ఆగట్లేదే. వదులుగా ఉంది."

"వదులుగానే ఉండాలి. దాన్ని దిండులో దూది అనుకో, నువ్వు మేకు అనుకుంటున్నావు."

"దిండును సుత్తితో ఎవరు కొడతారు?"

"అందుకే మెల్లగా కొట్టమంటున్నా."

కొంత దూరం పోయాక ఆమె చాలు అనకముందే అతని సుత్తి ఆగింది. ఆమె అటు చూసింది. అతను ఆమె వైపు చూడకుండా, "ఇక్కడ మోత మారింది," అన్నాడు. ఆమె తర్వాతి బారెడు దూది పెట్టింది. తడి సందులో లప్పం పట్టదు కాబట్టి పైన నూనె, మైనం కలిపి కాచిన ముద్ద పూశారు. చూడటానికి మొదటి పని కంటే ఇది నాసిగానే ఉంది.

సోమవారం మధ్యాహ్నం పోటు ర్యాంపు మీద సగానికి వచ్చింది. ఆ యార్డులో ఒక పద్ధతి ఉంది. సందులు నింపిన మనిషి పడవలోనే కూర్చుని దిగాలి. మొదటి నీళ్ళు ఎక్కడ వస్తాయో ఆ మనిషే చూడాలి. ఇన్నేళ్ళూ ఆమె ఒక్కతే దిగేది. ఈసారి నిచ్చెన దగ్గర ఆమె ఆగి భర్త వైపు చూసింది.

"నువ్వు కొట్టిన సందులు. నువ్వూ ఎక్కాలి."

అతను ఎక్కాడు. వించి ముసలాయన తాడు వదిలాడు. పడవ వెనకభాగం ముందు నీళ్ళలోకి జారి, ఒకసారి పక్కకు ఒరిగి, తేలింది. ఇద్దరూ అడుగున బల్లల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. ముందు ఏమీ లేదు. తర్వాత ఎడమవైపు ఒక సందు తడిగా మెరిసింది. తర్వాత అడుగు దూలం పక్కన సన్నటి ధార. కాసేపటికి అటూ ఇటూ పది చోట్ల. చీలమండ మునిగింది.

ఒడ్డున మరిది గొంతు వినిపించింది. "వదినా, లోపల ఎలా ఉంది?"

"వస్తున్నాయి," అంది.

"వస్తున్నాయంటే మంచికా, చెడుకా?"

మేస్త్రి పాదాల చుట్టూ పెరుగుతున్న నీళ్ళ వైపు చూస్తున్నాడు. ముఖంలో నెత్తురు లేదు. అయినా గొంతు పెంచి తమ్ముడికి అతనే జవాబు చెప్పాడు. "మంచికే. పంపు ఇటు అందించు."

సాయంత్రం దాకా పంపు ఆపకుండా నడిపారు. చీకటి పడేసరికి మధ్యమధ్యలో ఆపగలిగారు. మరిది పంపు పక్కనే పడవలో పడుకున్నాడు. మంగళవారం పొద్దున ఓనరు వచ్చి అడిగితే, రాత్రి రెండుసార్లే నడిపానని, తెల్లవారాక అసలు అవసరం రాలేదని చెప్పాడు. మేస్త్రి దిగి పక్కటెముకలన్నీ చేత్తో తడిమి చూశాడు. మేకులు కదల్లేదు. సందులు దగ్గరపడి, దూది కనపడకుండా పలక పలకను ఆనుకుంది. ఆ మధ్యాహ్నం, బాగై వచ్చిన ఇంజనును బిగించారు.

బుధవారం రేవు తెరిచారు. మొదటి ట్రిప్పులో పదకొండు మంది ఎక్కారు, ఒక మేక.